ఊపిరి సరేనంది... మోకాలు ఆగమంది

నా మోకాలు మొరాయిస్తోందని నాకు రోడ్డు మీద తెలియలేదు. సినిమా హాల్లో తెలిసింది. ఫస్టాఫ్ అంతా కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఇంటర్వెల్ లైట్లు వెలగగానే పాప్‌కార్న్ కోసం లేవబోయాను. కుడి మోకాలి చిప్ప వెనక ఎవరో ఇసుక పోసినట్టు గరగర, ఆ వెంటే ఒక పోటు. ముందు సీటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్క సీటాయన "ఏం సార్, తిమ్మిరి పట్టిందా?" అన్నాడు. అవునన్నాను. నలభై నాలుగేళ్ళ వయసులో పరుగు మొదలుపెట్టి అయిదు వారాలైందని ముక్కూమొహం తెలియని మనిషికి ఏం చెప్పుకుంటాం!

రెండు రోజుల తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే, ఆవిడ నా నడక కూడా చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న: "సినిమా మొత్తం కూర్చోగలుగుతున్నారా?" తెల్లబోయాను. వైద్యులు దీన్ని నిజంగానే 'సినిమా గుర్తు' అంటారట. మోకాళ్ళు మడిచి ఎక్కువసేపు కూర్చున్నా, మెట్లు దిగినా, గొంతుక్కూర్చున్నా చిప్ప వెనకో చుట్టూరానో నొప్పి పుడితే దాని పేరు పాటెల్లోఫిమోరల్ పెయిన్. పరిగెత్తేవాళ్ళ భాషలో 'రన్నర్స్ నీ'. తొడ ఎముక చివర ఒక గాడి ఉంటుంది. మోకాలు మడిచి చాపినప్పుడల్లా చిప్ప ఆ గాడిలో కిందికీ పైకీ జారుతుంటుంది. అక్కడ పడే ఒత్తిడి, అలవాటైనదానికంటే ఒక్కసారిగా పెరిగితే ఆ చోటు అలుగుతుంది. కొత్తగా పరుగులోకి దిగినవాళ్ళను ఎక్కువగా పట్టుకునే మోకాలి నొప్పుల్లో ఇదొకటి.

అమ్మ మాట, టైరు లెక్క

ఇంటికొచ్చి చెబితే అమ్మ గెలిచినట్టు చూసింది. "నే ముందే చెప్పాను కదరా, ఈ వయసులో పరుగులేంటని! మోకాళ్ళలో గుజ్జు అరిగిపోతుంది."

ఈ మాట వినకుండా తెలుగు ఇంట్లోంచి పరుగుకి బయల్దేరినవాడు ఉండడు. స్కూటర్ టైరు అరిగినట్టు మోకాలూ అరుగుతుందని మన లెక్క. పుట్టినప్పుడే ఇన్ని కిలోమీటర్లని రాసిపెట్టి ఉంటుంది, తొందరపడి తిరిగితే తొందరగా అయిపోతుంది అన్నట్టు. కానీ టైరుకి ప్రాణం లేదు, గుజ్జుకి ఉంది. మనం గుజ్జు అనే ఆ మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. చుట్టూ ఉన్న జిగట ద్రవమే దానికి తిండి. కాలి మీద బరువు పడినప్పుడు నొక్కుకుంటుంది, బరువు తీయగానే ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది, అంట్లు తోమే స్పాంజిలాగే. పరిగెత్తాక అది కాస్త పలచబడే మాట నిజమే. విశ్రాంతినిస్తే మళ్ళీ మామూలుగా అవుతుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1984లో యాభై దాటిన పరుగువాళ్ళనీ, పరిగెత్తని మామూలు మనుషులనీ ఎంచుకుని ఏళ్ళ తరబడి వెంటాడారు. వాళ్ళలో కొందరి మోకాళ్ళకు 18 ఏళ్ళ పాటు మధ్య మధ్యలో ఎక్స్‌రేలు తీసి, 2008లో లెక్క తేల్చారు. పరుగువాళ్ళ మోకాళ్ళు మిగతావాళ్ళ వాటికంటే ఎక్కువేమీ అరగలేదు. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన 2017 నాటి సమీక్ష ఇంకా ఆసక్తికరం. తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల సరదాకి పరిగెత్తేవాళ్ళలో 3.5 శాతం, అసలు పరిగెత్తనివాళ్ళలో 10.2 శాతం, పోటీ పరుగులే పనిగా పెట్టుకున్నవాళ్ళలో 13.3 శాతం.

ఈ అంకెలు పట్టుకుని పరుగే మందు అనేయకూడదు. మోకాళ్ళు మొరాయించినవాళ్ళు ఎప్పుడో పరుగు మానేసి ఉంటారు. పరిగెత్తేవాళ్ళు మామూలుగానే సన్నగా ఉంటారు. కాబట్టి లెక్కలో కొంత వాళ్ళవైపు మొగ్గు ఉంటుంది. పాత దెబ్బలో లిగమెంటు తెగినవాళ్ళు, కీళ్ళ అరుగుదల ఇప్పటికే ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా బూట్లు కట్టకూడదు. అయినా అమ్మ దగ్గర వాదనకి నాకో పెద్దమనిషి దొరికాడు. పంజాబ్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఫౌజా సింగ్. ఎనభై తొమ్మిదో ఏట మారథాన్‌లు మొదలుపెట్టి, 2011లో నూరేళ్ళ మనిషిగా టొరంటో మారథాన్ పూర్తిచేశాడు. ఒక్కడి కథ సాక్ష్యం కాదు, ఒప్పుకుంటాను. అమ్మ మాత్రం "ఆయన రోజూ రొట్టె తినేవాడు, నువ్వు బిర్యానీ తింటావు" అని కొట్టిపారేసింది.

మరి నొప్పెందుకు వచ్చింది?

తప్పు నాదే. నేను ఊపిరి మాట విన్నాను.

మొదటి వారం కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడకదారిలో రెండు నిమిషాలు పరిగెత్తితే గుండె నోట్లోకి వచ్చేది. నాలుగో వారానికి మూడు కిలోమీటర్లు ఆగకుండా వెళుతున్నాను. గుండె, ఊపిరితిత్తులు, రక్తం తొందరగా నేర్చుకుంటాయి. కొన్ని వారాల్లోనే తేడా మనకే తెలుస్తుంది. ఎముకలు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్ళు మందకొడి విద్యార్థులు. వాటికి నెలలు పడుతుంది. ఊపిరి సిద్ధమై మోకాలు సిద్ధం కాని ఆ నడిమి రోజులే గండం. అయిదో ఆదివారం ఒక మిత్రుడు కలిశాడు. "ఆయాసం లేదు కదా, ఇంకో రౌండ్ వేద్దాం పద!" నిజంగానే ఆయాసం లేదు. ఆ రోజు మూడు కాస్తా ఏడయింది.

లెక్క చూడండి. కిలోమీటరుకి వెయ్యికి పైనే అడుగులు. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల బలం నేల నుంచి కాలిమీదికి తిరిగొస్తుంది. అలవాటైనదానికి మించి నాలుగు వేల పైచిలుకు దెబ్బలు ఒక్క ఉదయంలో తిన్నాక, ఆ మోకాలు సినిమా హాల్లో మాట్లాడిందంటే దాని ఓర్పుకి దండం పెట్టాలి.

పరుగు గుంపుల్లో అందరి నోటా ఒక సూత్రం వినిపిస్తుంది: వారానికి పది శాతం కంటే ఎక్కువ దూరం పెంచకు. వినడానికి బాగుంటుంది గానీ, నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్తవాళ్ళ మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితం చెప్పారు. పది శాతం చొప్పున 13 వారాలు మెల్లగా పెంచినవాళ్ళలోనూ, 8 వారాల మామూలు పద్ధతిలో వెళ్ళినవాళ్ళలోనూ గాయాలు ఒకే లెక్కన, అయిదుగురిలో ఒకరికి చొప్పున వచ్చాయి. 2025లో వచ్చిన ఇంకో అధ్యయనం నా కళ్ళు తెరిపించింది. 5,205 మంది పరుగువాళ్ళ చేతి గడియారాల్లో నమోదైన పరుగులను ఏడాదిన్నర పాటు చూశారు. అసలు పట్టి చూడాల్సింది వారం మొత్తాన్ని కాదు, ఒక్కో పరుగునని తేలింది. గడిచిన 30 రోజుల్లో చేసిన అతి పొడుగు పరుగుకంటే ఇవాళ్టి పరుగు పది శాతం మించితే గాయం ముప్పు పెరుగుతుంది. రెట్టింపు దాటితే ముప్పు కూడా రెండింతలు దాటుతుంది. మూడు నుంచి ఏడుకి వెళ్ళిన నా ఆదివారం ఏ గడిలో పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇది సరదాకి పరిగెత్తే నాలాంటి నడివయసు వాళ్ళ గొడవే కాదు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే మన జిల్లా కేంద్రాల్లో జూనియర్ కాలేజీ గ్రౌండ్లు తెల్లవారుజామునే నిండిపోతాయి. నెలల తరబడి రాత పరీక్షకి కుర్చీలో కూర్చుని చదివిన కుర్రాళ్ళు, ప్రిలిమ్స్ గట్టెక్కగానే మర్నాటి నుంచి 1600 మీటర్లు రోజూ ప్రాణం పెట్టి ఉరుకుతారు. ఈవెంట్స్ అనే దేహదారుఢ్య పరీక్షల నాటికి మోకాలికి గుడ్డ చుట్టుకుని కుంటేవాళ్ళు కనబడతారు. దరఖాస్తు పెట్టిన రోజే, పుస్తకంతో పాటే, రోజు విడిచి రోజు అరగంట నడక కలిపిన నెమ్మది పరుగు మొదలుపెడితే ఆ గుడ్డ అవసరం చాలామందికి రాకపోవచ్చు. కోచింగ్ సెంటర్లు కరెంట్ అఫైర్స్‌తో పాటు ఈ ముక్క ఎందుకు చెప్పవో నాకు అర్థం కాదు.

నవ్వొచ్చేంత తక్కువ

ఫిజియో నన్ను మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టింది. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేసిన 'కౌచ్ టు 5కె' అనే తొమ్మిది వారాల పద్ధతి ఇప్పుడు ఫోన్ యాప్‌లుగా ప్రపంచమంతా తిరుగుతోంది. మొదటి వారం అందులో ఏముంటుందో తెలుసా? అయిదు నిమిషాల నడక తర్వాత అరవై సెకన్ల పరుగు, తొంభై సెకన్ల నడక, అలా ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులే. నవ్వొచ్చేంత తక్కువ. దాని గుట్టంతా అందులోనే ఉంది. వేగం ఎంతంటారా? పక్కవాడితో ఇంటి సంగతులు మాట్లాడగలిగేంత. మాట తెగితే వేగం ఎక్కువైనట్టే.

రెండో సంగతి అడుగు. కొత్తవాళ్ళం అంగలు పెద్దవి వేస్తాం, పాదం ఒంటికి బాగా ముందు పడుతుంది. పడిన ప్రతిసారీ బ్రేకు వేసినట్టే, ఆ కుదుపంతా మోకాలికి. అదే వేగంతో వెళుతూ అడుగులు కొంచెం పొట్టివి చేసి, సంఖ్య పెంచితే చాలు. కుడి పాదం ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులో వస్తుంది. నాది 152. దాన్ని పది శాతం పెంచితే మోకాలి చిప్ప మీద పడే గరిష్ఠ బలం సుమారు 14 శాతం తగ్గుతుందని అమెరికాలో 2014లో కొలిచి చెప్పారు. అందరూ నిమిషానికి 180 అడుగులు వేసి తీరాలనే మాటను పట్టించుకోకండి. మన లెక్క మీద అయిదో పదో శాతం పెరిగితే చాలు. నేను 162 దగ్గర ఆగాను. ముందు పిల్ల ఏనుగులా దబదబమనే నా అడుగు చప్పుడు తగ్గింది.

హైదరాబాద్‌లో పరిగెత్తేవాళ్ళకి ఇంకో చిక్కు, ఎత్తుపల్లాలు. జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కేటప్పుడు తిట్టుకుంటాం గానీ, మోకాలికి కష్టం దిగేటప్పుడే. తొడ ముందు కండరాలు సాగుతూనే బిగబట్టి ఒంటిని ఆపాలి, చిప్ప గాడిలోకి గట్టిగా నొక్కుకుంటుంది. మొదటి రెండు నెలలు దిగుడు దారిలో నడవండి, ఎవరూ జరిమానా వేయరు. రోడ్డు అంచు ఎప్పుడూ ఒక పక్కకి వాలి ఉంటుంది. రోజూ ఒకే వైపు పరిగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే. మోకాలికి బయటి పక్క నొప్పి వస్తుంటే అది ఐటీ బ్యాండ్ గొడవ కావచ్చు. ఈ ఐటీకి హైటెక్ సిటీతో సంబంధం లేదు, అది తుంటి నుంచి మోకాలి దాకా తొడ పక్కగా దిగే పట్టీ. విశాఖ బీచ్‌లో తడి ఇసుక మెత్తగా ఉందని మురిసిపోయేవాళ్ళకీ ఇదే మాట. మెత్తన సరే, అక్కడ కూడా నేల సముద్రం వైపు వాలి ఉంటుంది.

అద్దం ముందు గుంజీలు

మోకాలు పాపం మధ్యలో చిక్కుకున్న కోడలు. పైన తుంటి, కింద పాదం, ఎవరు బద్ధకించినా భారం తనమీదే. అద్దం ముందు మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి, రెండో మడమ నేలకి ఆనేలా మెల్లగా దిగి చూడండి. మడిచిన మోకాలు లోపలికి వాలిపోతుంటే పిరుదుల పక్క కండరాలు నిద్రపోతున్నట్టే. రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చున్నాక అవి మాత్రం ఎందుకు మేలుకుని ఉంటాయి!

దీనికి జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పక్కకి తిరిగి పడుకుని పై కాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము లేపడం, మెట్టు అంచున మడమలు ఎత్తి దించడం. ఇంకా, వినాయకుడి ముందు తీసే గుంజీలు. వారానికి రెండు మూడు రోజులు, పరుగు లేని పూట. అయితే కెనడాలో మోకాలి నొప్పి ఉన్న 69 మంది పరుగువాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనం నన్ను తికమక పెట్టింది. ఎంత పరిగెత్తాలో, ఎప్పుడు తగ్గించాలో మాత్రమే నేర్పినవాళ్ళు, దానికి తోడు వ్యాయామాలు కూడా చేసినవాళ్ళతో సమానంగా కోలుకున్నారు. నాకు అర్థమైందేమిటంటే, మొదట దిద్దుకోవాల్సింది దూరం లెక్కని. గుంజీలు దాని తర్వాత. పరుగు విపరీతంగా పెంచేసి, గుంజీలు కాపాడతాయనుకుంటే కుదరదు.

బూట్ల గురించి ఎక్కువ చెప్పను, షాపువాళ్ళే చాలా చెబుతారు. పాదం లోపలికి వాలుతోంది, ఖరీదైన ప్రత్యేకం జత కావాలంటారు. డెన్మార్క్‌లో 927 మంది కొత్తవాళ్ళకి, పాదం తీరు ఏదైనా ఒకే రకం మామూలు బూట్లు ఇచ్చి ఏడాది చూశారు. పాదం లోపలికి వాలేవాళ్ళకి గాయాలేమీ ఎక్కువ కాలేదు. తొడుక్కుని నాలుగడుగులు పరిగెత్తితే హాయిగా ఉన్న జత తీసుకోండి. మెడికల్ షాపులో దొరికే నీక్యాప్ కాస్త ధీమా ఇస్తుంది, అంతవరకే. పరుగుకి ముందు నొప్పి మాత్ర మాత్రం వద్దు. మోకాలి నోరు నొక్కడమే కాదు, చెమటలో ఒళ్ళు ఎండినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకు కూడా బరువు.

నొప్పి వస్తే మానేయాలా? ఫిజియో ఒక కొలత చెప్పింది. సున్నా నుంచి పది దాకా మార్కులేస్తే, పరుగులో నొప్పి రెండు దాటకూడదు. ఆపిన గంటలోగా మునుపటి స్థాయికి దిగిపోవాలి. అలా ఉంటే కొనసాగించవచ్చు. లేకపోతే తర్వాతి పరుగు తగ్గించాలి, వేగమో, దూరమో, దిగుడు దారో. పూర్తిగా మంచమెక్కితే మోకాలు ఉన్న ఓపికా పోగొట్టుకుంటుంది.

ఇవి కనబడితే ఆగండి

మోకాలు మెలిపడ్డాక కొద్ది గంటల్లోనే వాచినా, మడిచినచోట ఇరుక్కుపోయి చాపలేకపోయినా, నడుస్తుంటే ఒక్కసారిగా జారినట్టు వదిలేసినా, కాలు మోపలేకపోయినా గుంజీలూ గింజీలూ పక్కన పెట్టి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కీలు ఎర్రగా, వేడిగా ఉండి జ్వరం కూడా ఉంటే ఆ రోజే వెళ్ళాలి. షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మోకాలికంటే ముందు గుండె సంగతి చూపించుకోవాలి.

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్. ఫ్లైఓవర్లెక్కి దిగే ఆ దారి అలవాటైనవాళ్ళనే ఏడిపిస్తుంది. అప్పుడు నన్ను ఏడుకి లాక్కెళ్ళిన మిత్రుడే ఫోన్ చేశాడు. "ఏం గురూ, హాఫ్‌కి పేరిచ్చేద్దామా?" నెల రోజుల్లో నా పెద్ద పరుగు ఆరు కిలోమీటర్లని, ఈసారి పదికే పేరిచ్చానని చెప్పాను. పకపకా నవ్వాడు. ఆదివారం నెక్లెస్ రోడ్డులో ఇద్దరం కలిసే బయల్దేరాం. ఆరున్నర కిలోమీటర్ల దగ్గర నేను ఆగిపోయాను. వాడు ఇంకో చుట్టు వేసొస్తానని వెళ్ళాడు. వాడొచ్చేసరికి ఇడ్లీ బండి దగ్గర రెండు ప్లేట్లు చెప్పి, అల్లం చట్నీ అయిపోకుండా పక్కన పెట్టించాను.