ట్రాక్టరుకు తగిన ట్రాలీ, ట్రాలీకి తగిన బరువు

వరికోతలు ముగిసి ధాన్యము కొనుగోలు కేంద్రములకు చేరు దినములలో ఏ దారిన చూచినను బస్తాలు నింపుకొన్న ట్రాక్టర్లు వరుసగా పోవుచుండును. ట్రాక్టరు కొనునప్పుడు దాని అశ్వశక్తి, డీజిలు ఖర్చు, ధర మొదలగు విషయములను రైతులు పదిమందిని అడిగి తెలుసుకొందురు. కాని దాని వెనుక తగిలించు ట్రాలీ విషయములో అంత విచారణ చేయువారు తక్కువ. కొన్ని చోట్ల దీనినే ట్రక్కు అందురు. పేరు ఏదైనను, ఏ ట్రాక్టరుకు ఎంత ట్రాలీ, ఏ ట్రాలీకి ఎంత బరువు అను లెక్క ప్రతి రైతునకు తెలిసి ఉండవలెను.

నేను పనిచేసిన ఒక మండలములో ఒక రైతు ట్రాలీనిండ బస్తాలు వేసుకొని కాలువగట్టు ఎక్కినాడు. ట్రాక్టరు ఏ ఇబ్బందియు లేక గట్టు ఎక్కినది. అవతలి వైపు దిగునప్పుడు బ్రేకు తొక్కగా వెనుక చక్రములు తిరుగుట మానినవి గాని బండి ఆగలేదు. ట్రాలీ వెనుకనుండి త్రోసి ట్రాక్టరును అడ్డముగా త్రిప్పినది. రైతు దూకి ప్రాణము దక్కించుకొన్నాడు, ధాన్యము నీటిపాలైనది. "ఎక్కగలిగినది దిగలేకపోవుట ఏమిటండీ?" అని అతడు నన్నడిగినాడు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

ఇంజను మాట నమ్మరాదు

చదునైన తారురోడ్డుపై చక్రములమీద బరువును దొర్లించుటకు పెద్ద బలము అక్కరలేదు. టన్నుకు సుమారు 20 నుండి 30 కిలోల లాగుడు చాలును. ట్రాక్టరు బరువు 2 టన్నులు, నిండు ట్రాలీ బరువు 5 టన్నులు, మొత్తము 7 టన్నులు అనుకొందము. దీనిని లాగుటకు కావలసినది సుమారు 175 కిలోల బలము. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవుటకు సుమారు 20 అశ్వశక్తి సరిపోవును. 40 అశ్వశక్తి ట్రాక్టరుకు ఇది సగము పని మాత్రమే. అందుచేత ఇంజను మూలుగదు, పొగ చిమ్మదు. "బండి సునాయాసముగా పోవుచున్నది, ఇంకొక పది బస్తాలు వేయవచ్చును" అని రైతు తలచును. పొరపాటు ఇక్కడనే కలదు.

ఆపుటయే అసలు పరీక్ష

మన ట్రాక్టర్లలో సాధారణముగా బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే ఉండును. చాల ట్రాలీలకు బ్రేకులే ఉండవు. కావున 7 టన్నుల బరువును ఆపవలసిన భారమంతయు ట్రాక్టరు వెనుక టైర్లు రెంటిపైననే పడును.

లెక్క చూడుడు. 2 టన్నుల ట్రాక్టరులో సుమారు 1,300 కిలోలు వెనుక చక్రములపై ఉండును. పొడి తారురోడ్డుపై టైరు పట్టు తనపై ఉన్న బరువులో సుమారు ఆరు పదవ వంతులు. అనగా ఆపు బలము 780 కిలోలకు మించదు. లెక్క సులభముగా ఉండుటకు ట్రాలీ బరువంతయు దాని చక్రములపైనే ఉన్నదనుకొందము. గంటకు 30 కిలోమీటర్ల వేగములో బ్రేకు తొక్కినచో,

ట్రాక్టరు ఒక్కటే ఉన్నప్పుడు సుమారు 9 మీటర్లలో ఆగును.
3 టన్నుల ట్రాలీతో సుమారు 23 మీటర్లలో ఆగును.
5 టన్నుల ట్రాలీతో సుమారు 32 మీటర్లలో ఆగును.

డ్రైవరు ప్రమాదమును గుర్తించి కాలు కదల్చుటకు పట్టు ఒక సెకనులో బండి మరి 8 మీటర్లు ముందుకు పోవును. దానిని పై లెక్కకు చేర్చుకొనవలెను.

ఇక ఇరువది అడుగులకు ఒక అడుగు దిగు పల్లము వచ్చినదనుకొనుడు. ప్రతి టన్నును పల్లము 50 కిలోల బలముతో క్రిందికి లాగును. 7 టన్నులకు 350 కిలోలు. ఆపు బలములో ఇంచుమించు సగము దీనికే సరిపోవును. 32 మీటర్లలో ఆగవలసిన బండి 58 మీటర్లు పోవును. అదే పల్లము వానకు తడిసి బురదయై, టైరు పట్టు సగమునకు తగ్గినచో మిగులు ఆపు బలము 40 కిలోలు మాత్రమే. అప్పుడు బండి ఆగదనియే చెప్పవలెను. గట్టు ఎక్కిన ట్రాక్టరు దిగలేకపోవుటకు కారణమిదే. కనుక ట్రాక్టరు ఎంత లాగగలదని గాక, ఎంత ఆపగలదని చూచి బరువు నిర్ణయింపవలెను.

మీ ట్రాలీకి ఎంత బరువు?

మొదట మూడు అంకెలు సంపాదింపుడు. ఒకటి, ట్రాక్టరు బరువు. ఇది రిజిస్ట్రేషను పత్రములోను, కంపెనీవారిచ్చిన చేతిపుస్తకములోను ఉండును. రెండు, ఖాళీ ట్రాలీ బరువు. ఒకసారి వేబ్రిడ్జిపై తూకము వేయించి ఆ అంకెను ట్రాలీ ప్రక్కన రంగుతో వ్రాయించుడు. మూడు, ట్రాలీ రిజిస్ట్రేషను పత్రములో అనుమతించిన మొత్తము బరువు. దీనికి మించి బరువు వేసి నడుపుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 113వ సెక్షను ప్రకారము నేరము.

బ్రేకులు లేని ట్రాలీని గురించి కొందరు ట్రాక్టరు తయారీదారులు తమ చేతిపుస్తకములలో ఒక హద్దు చెప్పుచున్నారు: సరుకుతో కూడిన ట్రాలీ మొత్తము బరువు ట్రాక్టరు బరువునకు ఒకటిన్నర రెట్లు దాటరాదు. మీ ట్రాక్టరు చేతిపుస్తకములో ఇంతకు తక్కువ చెప్పియున్నచో దానినే పాటింపవలెను.

ఉదాహరణకు ట్రాక్టరు 2,000 కిలోలు ఉన్నదనుకొనుడు. ఒకటిన్నర రెట్లు 3,000 కిలోలు. అందులో ఖాళీ ట్రాలీ 1,200 కిలోలు తీసివేయగా సరుకునకు మిగులునది 1,800 కిలోలు. అనగా 75 కిలోల బస్తాలు 24, లేదా 40 కిలోల సంచులు 45. ఇంతకు మించి తరచుగా తరలింపవలసినవారు బ్రేకులు గల ట్రాలీని కొనవలెను. అప్పుడును రిజిస్ట్రేషను పత్రము, చేతిపుస్తకము, టైర్లు అనుమతించు బరువులలో ఏది తక్కువయో అదే మీ హద్దు.

ట్రాలీ నిండుటను బట్టి బరువును అంచనా వేయరాదు. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల పెట్టెలో ధాన్యము నింపినచో సుమారు 2 టన్నులు పట్టును. అదే పెట్టెలో పొడి ఇసుక 5 టన్నులకు పైగా పట్టును. తడి ఇసుక ఇంకను ఎక్కువ. పై ఉదాహరణలోని ట్రాక్టరుకు ఇసుక ఎనిమిది అంగుళముల ఎత్తు వేయగానే హద్దు వచ్చును.

బరువు పెట్టవలసిన చోటు

ఎడ్లబండి తోలినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. బండి ముందు బరువైనచో కాడి ఎద్దుల మెడలను నొక్కును; వెనుక బరువైనచో కాడి పైకి లేచి మెడతాళ్లు గొంతు పట్టును. రెండు చక్రముల ట్రాలీయు ఇంతే. బరువు మరీ ముందుకు ఉన్నచో ట్రాక్టరు ముందు చక్రములు తేలికపడి స్టీరింగు మాట వినదు. మరీ వెనుకకు ఉన్నచో హుక్కు పైకి లేచి, వెనుక చక్రముల పట్టు తగ్గిపోవును. బరువైన సరుకును అడుగున, ఇరుసునకు కొంచెము ముందుగా, ఇరుప్రక్కల సమముగా పేర్చవలెను. ట్రాలీని ఎల్లప్పుడు ట్రాక్టరు క్రింది డ్రాబారుకే తగిలింపవలెను. ఇరుసుకంటె ఎత్తున తగిలించినచో లాగుడు బలమునకు ట్రాక్టరు ముందు భాగము లేచి వెనుకకు తిరగబడవచ్చును.

దారిలో మరువరాని సంగతులు

పొలములో మలుపు కొరకు విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డు ఎక్కుటకు ముందు గొళ్లెముతో కలుపుడు. ఒక్క పెడలే తొక్కబడినచో బండి ఒక ప్రక్కకు తిరిగిపోవును. పల్లము దిగుటకు ముందుగనే చిన్న గేరు వేయుడు. డీజిలు ఆదాకు న్యూట్రలులో దిగుట కూడదు. వేగము సగమునకు తగ్గించినచో ఆగు దూరము నాలుగవ వంతునకు తగ్గునని జ్ఞప్తియందుంచుకొనుడు. హుక్కు పిన్నుకు కొక్కెము, ట్రాలీ వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు తప్పక ఉండవలెను.

పశువులను తరలించునప్పుడు మరింత జాగ్రత్త కావలెను. బస్తా వేసినచోటనే ఉండును. ఎద్దు మలుపులో అడుగు మార్చును, బరువు దానితో మారును. పశువుల వాహనములలో ప్రతి ఆవుకు, గేదెకు 2 చదరపు మీటర్ల స్థలము విడిగా ఉండవలెనని కేంద్ర మోటారు వాహన నియమములు చెప్పుచున్నవి. అట్టి ఏర్పాటు లేని ధాన్యపు ట్రాలీలో పశువులను ఎక్కింపరాదు.

మనుషులను ఎక్కించుట అసలే కూడదు. 2018 ఏప్రిలులో నల్లగొండ జిల్లా వద్దిపట్ల వద్ద, అదే సంవత్సరము జూనులో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టర్లు కాలువలలో పడి పలువురు స్త్రీలు మరణించిరి. నాట్లకు, మిరపకోతకు వచ్చు కూలీలను ఆటోలోనో బస్సులోనో పంపుటకగు ఖర్చును సేద్యపు ఖర్చులో భాగముగనే ఎంచవలెను.

"ఈ లెక్కను పాటించినచో ఒక్కసారికి బదులు రెండుసార్లు తిరుగవలసి వచ్చును గదా" అని మీరనవచ్చును. నిజమే. కొనుగోలు కేంద్రము అయిదు కిలోమీటర్ల దూరములో ఉన్నచో ఇంకొక తడవకు సుమారు రెండు లీటర్ల డీజిలు, కొంత కాలము ఖర్చగును. కాలువలో పడిన ఒక్క లోడు ధాన్యము విలువతో, అంతకుమించి డ్రైవరు ప్రాణముతో దీనిని పోల్చి చూడుడు.

గ్రామాధికారులు ధాన్యపు దినములకు ముందుగనే ఒక పూట ఏర్పాటు చేసి గ్రామములోని ట్రాలీలన్నిటిని ఖాళీగా తూకము వేయించి, వేయదగిన బస్తాల సంఖ్యను ప్రతి ట్రాలీపై వ్రాయించినచో చాల మేలు కలుగును. అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలో యంత్రముల వాడకమునందు శిక్షణ ఇచ్చుచున్నారు. యువ రైతులను అచ్చటికి పంపవచ్చును. ఈ పంట ధాన్యము తోలుటకు ముందే మీ ట్రాలీని ఒకసారి వేబ్రిడ్జి ఎక్కింపుడు.