మీకు తెలుసా? మోకాలి గ్రాఫ్ట్ లావును మీ ఎత్తు కొంతవరకు ముందే చెబుతుంది!

కబడ్డీ ఆడుతూనో, బండి మీద నుంచి పడో మోకాలు మెలితిరిగితే లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగిపోవచ్చు. పూర్తిగా తెగిన ఏసీఎల్ చాలాసార్లు దానంతట అది సరిగా అతుక్కోదు. అందుకే ఆపరేషన్‌లో ఎక్కువగా రోగి ఒంట్లోనే, కండరాన్ని ఎముకకు కలిపే ఒక టెండన్‌ను తీసి దాని స్థానంలో అమరుస్తారు. అదే గ్రాఫ్ట్.

• ఎక్కువగా వాడేవి తొడ వెనక, లోపలి వైపు నుంచి మోకాలి కిందికి దిగే సెమిటెండినోసస్, గ్రాసిలిస్ టెండన్లు. రెండింటినీ చెరో మడత వేస్తే నాలుగు పేటల తాడులా తయారవుతుంది.

• గ్రాఫ్ట్ కనీసం 8 మిల్లీమీటర్ల లావు ఉండాలని చాలామంది సర్జన్లు చూస్తారు. అంతకన్నా సన్నగా ఉంటే, ముఖ్యంగా 20 ఏళ్లలోపు వారికి, మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం పెరుగుతుందని 2012లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

• 7 నుంచి 8కి తేడా ఒక్క మిల్లీమీటరే. కానీ అడ్డుకోత వైశాల్యం దాదాపు 30 శాతం పెరుగుతుంది!

• ఒంటి కొలతల్లో గ్రాఫ్ట్ లావుకు మంచి సూచిక ఎత్తేనని చాలా పరిశోధనల్లో తేలింది. బరువు, తొడ చుట్టుకొలత కూడా కొంత చెబుతాయి. బీఎంఐ ఒక్కటే చూస్తే లాభం తక్కువ: కొవ్వు పెరిగినంత మాత్రాన టెండన్ లావెక్కదు.

• ఒకే ఎత్తున్న ఇద్దరికి వేర్వేరు సైజులు రావచ్చు. అందుకే ఎమ్మారైలో టెండన్ మందాన్ని కొలిచి, అంచనాను ఇంకాస్త మెరుగుపరుస్తారు.

• అసలు కొలత తేలేది ఆపరేషన్ థియేటర్లోనే. అర మిల్లీమీటరు తేడాతో వరసగా ఉన్న రంధ్రాల్లోంచి గ్రాఫ్ట్‌ను లాగి చూస్తారు. బిగుతుగా దూరిన రంధ్రమే దాని సైజు. గ్రాఫ్ట్‌ను అమర్చేందుకు ఎముకలో సొరంగాన్ని ఆ కొలతకే తొలుస్తారు.

• సన్నగా వస్తే టెండన్‌ను ఇంకో మడత వేసి ఐదారు పేటలు చేస్తారు. లేదా తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్ టెండన్‌నో, చీలమండ దగ్గరి పెరోనియస్ లాంగస్‌నో వాడతారు.

• గ్రాఫ్ట్ కోసం తీసేసిన సెమిటెండినోసస్, గ్రాసిలిస్ టెండన్లు చాలామందిలో కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతాయి!

మీకో, మీ పిల్లలకో ఈ ఆపరేషన్ చేయాల్సి వస్తే డాక్టరుగారిని ఒక్క ప్రశ్న తప్పక అడగండి: “గ్రాఫ్ట్ సన్నగా వస్తే ఏం చేస్తారు?” జవాబు ముందే తెలుసుకోవడం మీ హక్కు.