సన్న తూనీగకి ఫోన్‌తో మాక్రో ఫొటో: తీయడం ఒక ఎత్తు, దిద్దడం ఇంకో ఎత్తు

నా వెనకాల నీళ్ళు కనిపిస్తున్నాయి కదా, ఇది మన ముడసర్లోవ. టైమ్ ఆరున్నర. ఈరోజు ఒక చిన్న పురుగు గురించి మాట్లాడుకుందాం. పొడవు అగ్గిపుల్లంత, లావు దారమంత.

తూనీగ అందరికీ తెలుసు. చిన్నప్పుడు దాని తోకకి దారం కట్టి ఎగరేసిన బ్యాచ్ మనలో చాలామందే ఉంటారు, పాపం అది. ఇది దానికి చెల్లెలు లాంటిది, పేరు డామ్‌సెల్‌ఫ్లై. తేడా పట్టుకోవడం ఈజీ. పెద్ద తూనీగ వాలితే రెక్కలు విమానంలా చాపుతుంది. ఇవి చాలావరకు వీపు మీద మడిచి పెట్టుకుంటాయి. కళ్ళు కూడా తలకి చెరో పక్క డంబెల్‌లా విడివిడిగా ఉంటాయి.

ఇదిగో, ఈ గడ్డి మీద పసుపు తోకతో ఉన్నది చూడండి. దీని పేరు కోరమాండల్ మార్ష్ డార్ట్. 1798లో ఫాబ్రీషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించారు. కోరమాండల్ అంటే మన వైజాగ్‌లో ఆగే రైలు పేరే కదా! మన దేశ ఆగ్నేయ తీరానికి ఉన్న పేరు అది. అలాంటి పేరున్న పురుగు మన చెరువు గట్టునే ఉంది, మనం మాత్రం దాటుకుని వెళ్ళిపోతాం.

సరే, ఫొటో సంగతికి వద్దాం. మొదటిసారి నేను ఎనభై ఫొటోలు తీశాను. అన్నిట్లోనూ గడ్డి సూపర్, కన్ను మసక. ఎందుకంటే ఇంత దగ్గర నుంచి తీసినప్పుడు ఫోకస్‌లో ఉండే మందం కొన్ని మిల్లీమీటర్లే. అందుకే ఎదురుగా తీయకండి, పక్క నుంచి తీయండి. దాని ఒళ్ళు, మీ ఫోన్ వీపు, రెండూ సమానంగా ఎదురెదురుగా ఉండాలి. అప్పుడు కన్ను నుంచి తోక కొస దాకా ఒకేసారి ఫోకస్‌లోకి వస్తుంది.

తక్కువ రేటు ఫోన్లలో ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాని నమ్ముకోకండి. మెయిన్ కెమెరాకి క్లిప్ లెన్స్ పెట్టుకోండి, ముందు ఫోన్ కవర్ తీసేయండి. ఫోకస్ లాక్ చేసి, ఊపిరి బిగపట్టి, ఫోన్‌నే కొంచెం కొంచెం ముందుకి జరుపుతూ బర్స్ట్ కొట్టండి. ఇరవైలో ఒకటి కుదురుతుంది. చాలు. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/250 కంటే నెమ్మదిగా పెట్టొద్దు, గాలికి గడ్డి ఊగుతూనే ఉంటుంది.

పొద్దున్నే రండి. ఒళ్ళు చల్లగా ఉన్నప్పుడు అవి త్వరగా ఎగరవు. మీ నీడ మాత్రం వాటి మీద పడకూడదు. ఇంకో వైజాగ్ చిట్కా: ఏసీ గదిలోంచి ఫోన్ నేరుగా బయటికి తెస్తే లెన్స్‌కి చెమట పడుతుంది. పది నిమిషాలు జేబులో ఉంచి, తుడిచి, అప్పుడు తీయండి.

ఇప్పుడు ఎడిటింగ్. స్నాప్‌సీడ్ ఫ్రీ యాప్, అదే చాలు. ముందు క్రాప్ చేసి, చూపు ఉన్న వైపు కాస్త ఖాళీ వదలండి. తర్వాత ట్యూన్ ఇమేజ్‌లో హైలైట్స్ తగ్గించండి, లేకపోతే పసుపు తోక ట్యూబ్‌లైట్‌లా తెల్లబోతుంది. సెలెక్టివ్‌తో కన్ను మీద మాత్రం కొంచెం వెలుగు పెంచండి. షార్పెనింగ్ ఎప్పుడూ ఆఖర్న, అదీ చిటికెడు. ఎక్కువైతే వెనకాల ఇసుక చల్లినట్టు గరగర వస్తుంది.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. మసకగా వచ్చిన ఒక ఫొటోని ఏఐ ఎన్‌హాన్స్‌లో వేశాను. అద్భుతంగా వచ్చింది. ఒక నేచర్ గ్రూపులో పెడితే, ఒకాయన ఒకే ముక్క అడిగారు: "తమ్ముడూ, ఒరిజినల్ ఉందా? ఈ రెక్కలో గీతలు ఏ జాతివీ కావు." అంటే యాప్ సొంతంగా గీసేసింది! ఒరిజినల్ నేను డిలీట్ చేసేశాను. అది ఏ జాతో ఇప్పటికీ తెలీదు.

అందుకే చెప్తున్నా. వెలుగు, రంగు దిద్దండి, కానీ లేనిది చేర్చకండి. ఒరిజినల్ దాచుకోండి. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, తోక కొస ఒకటి తీయండి, చాలా జాతుల మగవాటిని గుర్తుపట్టేది ఆ కొసతోనే. తేదీ, చోటుతో ఐనేచురలిస్ట్‌లో పెట్టండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే క్వాలిటీ పోతుంది.

ఇదంతా ఎందుకంటారా? వీటి పిల్లలు నీళ్ళలోనే పెరుగుతాయి, దోమ పిల్లల్ని తింటాయి. గట్టున నాచు, గడ్డి ఉండాలి వీటికి. ఆ చెరువు కప్పేసి లేఅవుట్ వేశాక, ఇక్కడ ఇవి ఉండేవని చెప్పడానికి మీ ఫొటో ఒక్కటే మిగలొచ్చు. అందులో యాప్ గీసిన రెక్క ఉంటే దాన్నెవరు నమ్ముతారు?

ఒక జంట గుండె ఆకారంలో అతుక్కుని కనిపిస్తే మాత్రం దూరం నుంచే జూమ్ చేయండి, చేత్తో కదపొద్దు. మీ కాలనీలో నీళ్ళు ఎక్కడ ఉంటే అక్కడికి రేపు పొద్దున్న వెళ్ళండి. ఏం దొరికిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి, బై.