నాటకం చదువుతానన్న పిల్ల

ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చాయంటే ఆ పదిహేను రోజులూ మా బోటి లెక్చరర్లకు తీరిక ఉండదు. పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టకముందే ఎవరో ఒకరు పిల్లనో పిల్లవాణ్ణో వెంటబెట్టుకుని వస్తారు. "మాష్టారూ, వీణ్ణి ఎందులో చేర్పించమంటారు?" అని అడుగుతారు. బి.ఎ. మంచిదా, బి.కాం. మంచిదా, టీచరు ట్రైనింగు మంచిదా? ఇరవై ఏళ్ళుగా చెబుతున్న జవాబులు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

కాని ఈసారి ప్రశ్న మా ఇంట్లోంచే వచ్చింది. గరివిడి నుంచి మా అప్ప ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ, నీ మేనకోడలు నాటకాలు చదువుతాదట. నాటకాలకి కూడా కాలేజీలున్నాయేట్రా? మీ బావ రెండు రోజులై సరిగ్గా అన్నం తినడం లేదు. నువ్వోసారి రా."

ఆదివారం పూట విజయనగరంలో రైలెక్కి గరివిడిలో దిగాను. మాంగనీసు గనులు, ఫెర్రో ఎల్లాయీస్ కర్మాగారం అంటే బయటివారికి ఈ ఊరు గుర్తు. మా బావకి అక్కడ చిన్న కిరాణా కొట్టు ఉంది. నన్ను చూడగానే కొట్టు కుర్రాడికి అప్పగించి ఇంట్లోకి వచ్చాడు.

"చూడవోయ్, ఊళ్ళోనే పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. మన పిల్లకి బై.పి.సి.లో మంచి మార్కులే వచ్చాయి. ఇంటి అన్నం తింటూ డాక్టరమ్మ కావలసింది, మొహానికి రంగు పూసుకుంటానంటుంది. నువ్వే చెప్పు!"

మేనకోడలు గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. పదిహేడేళ్ళ పిల్ల. చేతిలో నోటు పుస్తకం. అందులో నాలుగు పేర్లు రాసుకుంది: విశాఖపట్నం, హైదరాబాదు, ఢిల్లీ, త్రిశూర్. "మావయ్యా, వీటిలో ఏది మంచిదో చెప్పు. నాన్నని ఒప్పించడం తర్వాత చూద్దాం" అంది.

అబద్ధం ఎందుకు, నాకు లోలోపల సంతోషమే కలిగింది. ఆ వయస్సులో నాకూ ఇదే పిచ్చి ఉండేది. ఇంట్లో వద్దంటే ఎం.ఎ. తెలుగులో చేరిపోయాను.

మన ప్రాంతానికి నాటకం కొత్త కాదు. గురజాడవారి 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడింది విజయనగరంలోనే. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలుగా కూర్చున్నవారు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. తూర్పు భాగవతం, తప్పెటగుళ్ళు మన జాతరలకు అలవాటైన ఆటలే. గరివిడి లక్ష్మి బుర్రకథ అంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. అయితే చప్పట్లు కొట్టే చేతులు వేరు, సొంత పిల్లని పంపే చేతులు వేరు. తెల్లవార్లూ చాపమీద కూర్చుని చూస్తాం. "మా అమ్మాయి కూడా వేస్తుంది" అనే మాట వచ్చేసరికి నోరు పెగలదు. స్త్రీ పాత్రలు ధరించి స్థానం నరసింహారావుగారు 1956లో పద్మశ్రీ అందుకున్నారు. గొప్ప నటుడు, సందేహం లేదు. కాని ఆ పాత్రలు మగవారే వెయ్యవలసి రావడానికి అసలు కారణం, ఆడపిల్లని స్టేజీ ఎక్కనివ్వకపోవడమే గదా!

నేను బావతో జె.వి. సోమయాజులుగారి మాట ఎత్తాను. "డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూనే కన్యాశుల్కంలో రామప్పపంతులు వేషం వేశారు. 1980లో 'శంకరాభరణం' వచ్చి దేశమంతా పేరు మోగేదాకా ఆయనకి అన్నం పెట్టింది ఆ ఉద్యోగమే."

బావ ముఖం విప్పారింది. "అదేనోయ్ నేననేది! డాక్టరయ్యాక వేసుకోమను, ఎవరొద్దన్నారు?"

గుమ్మం దగ్గరినుంచి జవాబు వచ్చింది. "ఐదున్నరేళ్ళు పశువుల చదువు చదివాక, రాత్రి పది గంటల రిహార్సలుకి ఎవరు పంపుతారు నాన్నా? పెళ్ళయితే అత్తారు పంపుతారా? ఆయన మగాడు కాబట్టి రెండూ కుదిరాయి."

బావ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఇక ఆ నోటు పుస్తకం సంగతి చూద్దాం. ఇలాంటి పిల్లలు మీ ఇంట్లోనూ ఉండవచ్చు గనుక కొంచెం వివరంగానే చెబుతాను.

మొదట తెలుసుకోవలసిన సంగతి: తెలుగులో నాటకం నేర్పే పెద్ద చదువులు చాలావరకు డిగ్రీ తరువాతివే. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి రంగస్థల కళల శాఖ ఉంది. అక్కడ నాటక వాతావరణం పాతది. రిజిస్ట్రారుగా ఉన్న కూర్మా వేణుగోపాలస్వామిగారు విద్యార్థులతో ప్రయోగాత్మక నాటకాలు వేయించిన చోటు అది. హైదరాబాదులో రెండున్నాయి. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలో ఒక శాఖ. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1988లో పెట్టిన సరోజినీ నాయుడు స్కూలులో మరొకటి. అక్కడ రెండేళ్ళ ఎం.పి.ఎ. చదువు.

ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాని 1959లో సంగీత నాటక అకాడెమీ స్థాపించింది. మూడేళ్ళ కోర్సు. విద్యార్థులకు నెలనెలా స్కాలర్‌షిప్పు ఇస్తారు. అయితే దేశమంతటికీ ఉన్న సీట్లు కొద్ది. అక్కడా డిగ్రీ కావాలి. పైగా అంతకు ముందే నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు. హిందీ బాగా రావాలి.

ఇంటర్ కాగానే నేరుగా చేరగలిగింది మా పిల్ల పుస్తకంలో ఒక్క త్రిశూరే. కాలికట్ విశ్వవిద్యాలయంవారి స్కూల్ ఆఫ్ డ్రామా అది. జి. శంకరపిళ్ళగారి చేతుల మీదుగా 1977లో మొదలయింది. నాటకంలో బాచిలర్ డిగ్రీ ఇస్తారు. అర్హతలు, ఫీజులు ఏటేటా మారుతుంటాయి గనుక ఏ సంస్థకయినా ఆ ఏటి ప్రకటన చూసుకునే దరఖాస్తు పెట్టాలి.

ఇంతవరకు చెప్పి, "త్రిశూర్ వెళ్ళు. నేను నాన్నతో మాట్లాడతాను" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకు తెలియలేదు. చెప్పిన వేగం చూసి మా అప్ప నావంక అదోలా చూసింది.

మరుసటి వారం అమ్మాయిని విజయనగరం రమ్మన్నాను. మాకు తెలిసిన నాటక సమాజం ఒకటి పరిషత్తు పోటీలకి నాటిక తయారు చేస్తోంది. సాయంత్రం ఒక స్కూలు గదిలో రిహార్సలు. బల్లలు గోడకి జరిపి మధ్యలో చోటు చేసుకున్నారు. దర్శకుడు ఆఫీసు గుమస్తా, తండ్రి వేషధారి రిటైరయిన మేష్టారు, కొడుకు వేషధారి ఎలక్ట్రీషియను. మా పిల్ల చేతికి స్క్రిప్టు ఇచ్చి ప్రాంప్టింగు చెప్పమన్నారు. ఒకే సీను పదకొండుసార్లు చేశారు. మా పిల్ల ఆవులించలేదు. నేను ఆవులించాను.

తల్లి వేషం వేస్తున్నావిడకి నలభై పైనే ఉంటాయి. ఊరూరా సమాజాలు పిలిస్తే వెళ్ళి స్త్రీ పాత్రలు వేసి వస్తుంది; అదే ఆవిడ జీవనం. టీ తాగుతున్నప్పుడు మా పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎందాకా చదివావమ్మా?"

"ఇంటరండి. నాటకం చదవాలనుంది."

"చదువుకో. నేను ఏడో తరగతితో మానేశాను. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేషాలు వేశానో లెక్కలేదు. ఒక్క వేషం కూడా నేను ఎన్నుకున్నది కాదు తల్లీ. పిలిచినవాళ్ళు ఏదిస్తే అది. చదువుకుంటే నాటకం నువ్వే ఎన్నుకుంటావు. కావలిస్తే రాస్తావు, నలుగురికి నేర్పుతావు. వేషం దొరకని నెలలో కూడా నీకు పని ఉంటుంది."

తిరిగి వస్తూ దారిలో అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మావయ్యా, మనం పేర్లు చూస్తున్నాం గాని, అడగవలసినవి అడగడం లేదు" అంది. ఆ రాత్రి మా ఇంట్లో ఇద్దరం కూర్చుని అయిదు ప్రశ్నలు రాశాం. నాటకం చదవాలనే పిల్లలెవరికయినా ఇవి పనికివస్తాయి.

ఒకటి: అక్కడ విద్యార్థి ఏడాదికి ఎన్నిసార్లు స్టేజీ ఎక్కుతాడు? భవనం ఎంత పెద్దదయినా ప్రదర్శన లేకపోతే అది ఈత నేర్పే చోట నీళ్ళు లేకపోవడం వంటిది. ఇది ఆఫీసులో కాదు, అక్కడ చదువుతున్న పిల్లల్ని అడగాలి. వీలయితే ఒక రిహార్సలు చూసి రావాలి.

రెండు: నేర్పేవారు ఇప్పటికీ నాటకాలు వేయిస్తున్నారా, లేక వెనకటి కబుర్లు చెబుతున్నారా?

మూడు: నటన కాక ఇంకేం నేర్పుతారు? లైటింగు, రంగాలంకరణ, ఆహార్యం, దర్శకత్వం, పిల్లలచేత నాటకం ఆడించడం. ఢిల్లీ స్కూలువారు పిల్లల కోసం 1989లో ప్రత్యేకంగా ఒక బృందాన్నే పెట్టారు. స్కూళ్ళలో నాటకం నేర్పే పనికి మనిషి కావాలంటే ఈ విద్యే కావాలి.

నాలుగు: ఖర్చెంత, ఆ తరువాత అన్నం ఎలా? కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ళ లోపు యువ కళాకారులకు రెండేళ్ళపాటు నెలకు 5000 రూపాయల స్కాలర్‌షిప్పు ఇస్తుంది. అలాంటివి వెతుక్కోవాలి. ఇక "ఆరు నెలల్లో సినిమా నటుణ్ణి చేస్తాం" అనే మాట వినబడితే చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చెయ్యాలి. నా శిష్యుడొకడు తండ్రి జీడితోట తాకట్టు పెట్టి అలాంటి ఒకచోట చేరాడు. చేతికి వచ్చింది ఒక ఫోటో ఆల్బమూ, ఒక సర్టిఫికెట్టూ. తోట ఇప్పటికీ విడిపించుకోలేదు.

అయిదో ప్రశ్న నేను రాసింది కాదు, పిల్ల రాసింది: ఏ భాషలో?

"త్రిశూరువాళ్ళ నాటకం ఒకటి వీడియోలో చూశాను మావయ్యా. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏడుపొచ్చింది. కాని నేను వాళ్ళ భాషలో వాళ్ళని ఏడిపించగలనా? నాకు ముందు మన మాటలోనే నిలబడడం రావాలి. అమ్మ మాట్లాడే మాట ఉందే, 'ఏట్రా' అని, అది స్టేజీ మీద అనాలని ఉంది."

తెలుగు ఎం.ఎ. చదివిన వాణ్ణి, ఇరవై ఏళ్ళు ఆ భాష చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. నాకు తట్టని ప్రశ్న అది. అప్పుడు తెలిసింది, నేను త్రిశూర్ అని ఎందుకన్నానో. నేను పంపుతున్నది మా మేనకోడల్ని కాదు, పాతికేళ్ళ కిందట ఇల్లు కదలలేని నన్ను. దూరం ఎంతయితే అంత మంచిదని అందుకే అనిపించింది. సలహా అడగవచ్చిన పిల్లల ముందు కూర్చున్నప్పుడు మన పాత బాకీలు వాళ్ళ ఖాతాలో వెయ్యకూడదు. నా బాకీ నాటకం. మా బావ బాకీ అతను చదవలేకపోయిన డాక్టరీ. అంతే తేడా.

చివరికి పిల్లే దారి వేసింది. విజయనగరంలో బి.ఎ. చదువుతుంది. ఆ మూడేళ్ళూ ఆ సమాజంలో పనిచేస్తుంది. వేషమిస్తే వేషం, లేకపోతే ప్రాంప్టింగు. హిందీ నేర్చుకుంటుంది. డిగ్రీ చేతికి వచ్చాక విశాఖపట్నమో, హైదరాబాదో, అనుభవం చాలితే ఢిల్లీయో. అప్పటికి తనకి ఇరవై ఏళ్ళు దాటుతాయి, ఏది కావాలో ఇంకా బాగా తెలుస్తుంది. ఈలోగా మనసు మారినా బి.ఎ. వృథా పోదు.

"త్రిశూర్ కొట్టెయ్యలేదు మావయ్యా, పెన్సిలుతో రాశాను" అంది.

ఈ మాట బావతో చెప్పడానికి మళ్ళీ గరివిడి వెళ్ళాను. ఆయన అంతా విన్నాడు. పశువైద్య కళాశాల పేరు ఇంకొక్కసారి ఎత్తి, తనే వదిలేశాడు. "డిగ్రీ పూర్తి చెయ్యాలి. అది మధ్యలో ఆపితే నేనొప్పుకోను" అన్నాడు. పిల్ల తలూపింది. ఆయన ముఖంలో సంతోషం లేదు. ఉందని రాస్తే అబద్ధం అవుతుంది. లేచి కొట్టులోకి వెళ్ళిపోయాడు.

నేను రైలుకి బయలుదేరుతుంటే కొట్టులోంచి పిలిచాడు. త్రాసులో పప్పు తూస్తూ, నావంక చూడకుండానే అడిగాడు.

"ఆ రిహార్సలు రాత్రి ఎన్నింటికి అవుతుందోయ్?"

"ఒక్కోసారి పది దాటుతుంది బావా. ఆ రాత్రులు మా ఇంట్లోనే ఉంటుందిలే."

"రోజూ నీకెందుకు శ్రమ? శనివారాలు కొట్టు పెందలాడే కట్టేస్తాను. నేనే వచ్చి కూర్చుంటాను. అయ్యాక తీసుకొచ్చుకుంటాను" అన్నాడు.