జన్యుపరీక్ష జాతకము కాదు

రొమ్ము కేన్సరు ముదిరి ఎముకలకో కాలేయమునకో ప్రాకిన తల్లికి డాక్టరు జన్యుపరీక్ష వ్రాసినంతనే, అది వంశమున దిగివచ్చిన వ్యాధియని తీర్మానించుకొని, కూతురికి కుదిరిన సంబంధము చెడునేమోయని ఆ చీటీని మడిచి దాచివేయు కుటుంబములు జగిత్యాల, కోరుట్ల ప్రాంతములందు నేటికిని గలవు. జాతకచక్రము చూపించుటకు పూటయైన ఆలస్యము చేయని యిండ్లలోనే ఈ పరీక్షకు ఇంత వెనుకంజ వేయుట నాకు విసుగు పుట్టించును. అచట పరీక్షింపబడునది ప్రధానముగా కణితి జన్యువులే గాని వంశము కాదు.

సిరిసిల్లవారికి ఈ భేదము చెప్పుట సులభము. నమూనాను నడపు డాబీ అమర్చిన సాంచెపై, అనగా మరమగ్గముపై, చీర అంచు నేయుచుండగా, చెక్కపట్టీలోని మేకొకటి ఊడినచో తప్పు ఆ సాంచె గుడ్డలోనే పడును. ప్రక్క సాంచె చక్కగానే ఆడుచుండును. అట్లుగాక మూలమైన నమూనా కాగితమునందే పొరపాటున్నచో, ఆసామి సాంచెలన్నింటను అదే తప్పు దిగును. రొమ్ము కేన్సర్లలో అధికభాగము మొదటి తరగతికి చెందినవి. సంక్రమించిన లోపముచే కలుగునవి నూటికి 5 నుండి 10 మాత్రమే.

17వ క్రోమోజోముపైనున్న హెర్2 జన్యువు నూటికి 15 నుండి 20 కణితులలో పెక్కు ప్రతులుగా పెరిగి, ఆపక నేయుమని కణమును తరుముచుండును. దానిని అడ్డగించు ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో అనుమతి పొందినది. కీమోతో కలిపి యిచ్చినప్పుడు రోగుల మధ్యస్థ జీవితకాలము 20.3 నెలలనుండి 25.1 నెలలకు పెరిగినట్లు 2001లో వెల్లడియైనది. గుండె బలహీనపడవచ్చును గనుక ఎకో తీయుచుండవలెను. ఇక కణములో మరమ్మతు చూచు బి.ఆర్.సి.ఏ. జన్యువున లోపమున్న కణము, సాంచెలు బాగుచేయు ఇద్దరు జాబర్లలో ఒకడు మానివేసిన కార్ఖానా. ఒలాపరిబ్ అను మందు రెండవవానిని గూడ కట్టివేయగా, మరమ్మతు లేక సాంచె కూలును.

ఇచట నా సాంచె కుంటుచున్నది: సాంచె పిల్లలను కనదు, కణము కనును, కనుచు మారును. అందుచేతనే ఏండ్ల క్రిందటి రొమ్ముగడ్డ ఫలితము నేటి కాలేయపు గడ్డకు చాలకపోవచ్చును. వీలైనచో మరల ముక్కపరీక్ష చేయవలెను. సూది గుచ్చినచో గడ్డ ప్రాకునను వదంతిని నమ్మి దానిని వాయిదా వేయువారు, ఆ గడ్డ సూది లేకుండగనే కాలేయమునకు చేరినదని గమనింపరు!

1955లో వెలసిన హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రి వంటి చోటికి పోవువారు ఫైలంతయు మోసుకొనిపోయి, అసలైన మైనపు దిమ్మను పాత లేబరేటరీలోనే విడిచిపోవుట కలదు. అరచేతిలో ఇముడు ఆ దిమ్మలోనే కణితి ముక్క పదిలముగా నుండును; దానినుండి పలుచని పొరలు చెక్కి జన్యువులను చదువుదురు. అందు బి.ఆర్.సి.ఏ. లోపము కనబడినచో, అది కణితికి మాత్రమే చెందినదో పుట్టుకతోనే ఉన్నదో రక్తపరీక్షచే తేల్చుకొనవలెను. పుట్టుకతోనిదని తేలిన పిమ్మటనే, తండ్రివైపునుండియు సంక్రమింపగలదు గనుక, కూతురితోపాటు రోగి మేనత్తలను, అన్నదమ్ములను గూడ పిలిచి మాట్లాడవలసి యుండును.