వాయించేటప్పుడు కాలు ఆడించవచ్చా?

మా ఫిజియోథెరపీ విభాగానికి మెడ నొప్పితోనో, నడుము నొప్పితోనో వచ్చే వారిలో సంఘాలలో కీబోర్డు, గిటారు, తబలా, హార్మోనియం వాయించేవారు కొందరు ఉంటారు. పరీక్ష అయిపోయాక వెళ్తూ వెళ్తూ వారు అడిగే ప్రశ్న ఒకటుంది. "వాయిస్తుంటే నా కాలు దానంతట అదే ఆడుతుందండీ. కదలకుండా కూర్చోమని మా మాస్టారు కోప్పడతారు. మానుకోవాలా?"

మానుకోనక్కరలేదని మేము చెబుతాము. అయితే ఏ భాగం కదపాలి, ఎంత కదపాలి, ఎవరు జాగ్రత్త పడాలి అన్నవి తెలుసుకోవాలి. మాస్టారి కోపంలోనూ కొంత న్యాయం ఉంది. చెక్క వేదిక మీద టకటకమని కాలు కొడితే ఆ చప్పుడు మైకులోకి పోతుంది, పక్కవారి తాళం చెడుతుంది.

వాయించేవాడు కదలకూడదన్న నియమం మన ప్రాంతపు పద్ధతి కానే కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో తప్పెటగుళ్ళు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. రొమ్ము మీద వేలాడే తప్పెటను రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలు కట్టి, గంతులు వేస్తూ పాడతారు. ఆ గంతే వారి తాళం. అది ఆపి నిలబడి వాయించమంటే దరువు తప్పినా ఆశ్చర్యం లేదు. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు గారు (1864-1945) కాళ్ళు, చేతులు, తల వేర్వేరు తాళాలలో ఒకేసారి నడిపేవారని ప్రసిద్ధి. అది అందరికీ సాధ్యం కాదు. మనకు ఒక్క తాళం నిలిస్తే చాలు!

శరీరం కదిలితే తాళం ఎందుకు నిలుస్తుంది? మన మెదడులో వినే భాగం వేరు, కదిలించే భాగం వేరు అనుకుంటాం. లయ విషయంలో ఆ రెండూ కలిసి పనిచేస్తాయి. జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, స్కానింగ్ యంత్రంలో కదలకుండా పడుకుని దరువు వింటున్నవారిలో కూడా కదలికను నడిపించే భాగాలు పనిచేయడం కనిపించింది. మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా వాటిలో ఒకటి. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

కెనడాలో 2005లో ఇంకా ముచ్చటైన పరీక్ష చేశారు. ఎక్కడా ఒత్తు లేని ఒకే డ్రమ్ము దరువును ఏడు నెలల పసిపిల్లలకు వినిపించారు. కొందరిని రెండేసి దెబ్బలకు ఒకసారి, కొందరిని మూడేసి దెబ్బలకు ఒకసారి ఎత్తి ఆడించారు. తరువాత రెండు రకాల ఒత్తులతో దరువు వినిపిస్తే, పిల్లలు తమను ఆడించిన లెక్కకు సరిపోయిన దానినే ఎక్కువసేపు విన్నారు. అంటే లెక్క చెవికంటే ముందు ఒంటికి తెలిసింది. మన ఇళ్ళలో అమ్మమ్మలు బిడ్డను కాళ్ళ మీద వేసుకుని ఊపుతూ పాడేది ఇదే పని.

ఇక వాయించే సంగతికి వద్దాం. పాడేవారికి చేతులు ఖాళీ. ఆది తాళానికి ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, తరువాత దెబ్బ విసురు, దెబ్బ విసురు, మొత్తం 8 లెక్కలు తొడ మీద వేసుకోవచ్చు. వాయించేవారికి ఆ చేతులే పనిలో ఉంటాయి కాబట్టి తాళం ఇంకెక్కడికైనా పోవాలి. కాలికి పోతే మంచిదే. కాళ్ళతో తొక్కే హార్మోనియం అయితే కాళ్ళకు కూడా పని ఉంటుంది. అక్కడ చాలామంది తొక్కుడునే తాళంగా చేసుకుంటారు. అది పొరపాటు. గాలి ఎంత కావాలన్నది స్వరం పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి మారుతుంది గాని తాళాన్ని బట్టి కాదు. చేతి హార్మోనియం తిత్తిని కూడా దెబ్బ దెబ్బకూ నొక్కితే పాట కుదుపులు కుదుపులుగా వస్తుంది. ఇలాంటి చోట నడుము పైభాగాన్ని కొద్దిగా, నెమ్మదిగా అటూ ఇటూ ఊపడం మేలు. కీబోర్డు వారు కుడికాలు పెడల్ మీద ఉంటే ఎడమ మడమను వాడుకోవచ్చు.

ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. మీ కాలు మీకు తోడే గాని తీర్పరి కాదు. పాట పరిగెత్తితే కాలు కూడా దానితో పాటే పరిగెత్తుతుంది, అంతా సరిగానే ఉందనిపిస్తుంది. అందుకని ముందు వాద్యం పక్కన పెట్టి, మెట్రోనోమ్ పెట్టుకుని గదిలో నడుస్తూ కీర్తన పాడండి. ఆది తాళం తేలిగ్గానే వస్తుంది. మిశ్రచాపు దగ్గర తెలుస్తుంది కష్టం. దానికి 7 లెక్కలు, 3, 4గా విడిపోతాయి. మామూలుగా కాలు తడితే మూడో నాలుగో ఆవృతానికి తప్పిపోతుంది. మూడుకు ఒక చిన్న అడుగు, నాలుగుకు ఒక పెద్ద అడుగు వేస్తూ నడవండి. ఆ కుంటి నడక నవ్వు తెప్పించినా రెండు రోజుల్లో తాళం ఒంటికి పడుతుంది. వాద్యం ముందు కూర్చున్నాక అంత కదలిక అక్కరలేదు, దాని నీడ చాలు.

స్టీల్‌ప్లాంటులో షిఫ్టు ముగించుకుని సరాసరి ప్రాక్టీసుకు వచ్చే సోదరులకు ఒక మాట. అలసిన కాలితో మడమ నేలకు ఆనించి పాదం ముందుభాగం ఎత్తి ఎత్తి కొడితే ముంగాలి కండరాలు పట్టేస్తాయి. వేగం పాటకు రెండు లెక్కలకు ఒకసారి మాత్రమే తట్టండి. తలతో గట్టిగా తాళం వేయకండి, మెడ నొప్పికి అదొక దారి. పళ్ళు బిగించడం, భుజాలు పైకెత్తడం, ఊపిరి బిగపట్టడం కదలికలు కావు, బిగుతు. నిలబడి పాడే క్వయర్‌లో మోకాళ్ళు బిగించి బొమ్మల్లా నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరగవచ్చు. క్రిస్మస్ ఆరాధనల్లో పిల్లలు సొమ్మసిల్లడం మీరూ చూసే ఉంటారు. మోకాళ్ళు వదులుగా ఉంచి, బరువును ఒక కాలి నుండి మరో కాలికి మారుస్తూ ఉంటే పిక్కలు రక్తాన్ని పైకి నెడతాయి, తాళమూ నిలుస్తుంది.

షుగరు ఉన్నవారు ఈ పేరా తప్పక చదవాలి. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ ఆస్థానంలో జాన్ బాప్తీస్త్ లుల్లీ అనే సంగీతకారుడు ఉండేవాడు. ఆ కాలంలో పొడవైన కర్రను నేలకు కొట్టి తాళం చూపేవారు. 1687 జనవరిలో ఆ కర్ర ఆయన కాలివేలికే తగిలింది. పుండు పడి కుళ్ళింది. కాలు తీయించుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు, మార్చి 22న చనిపోయాడు. ఇప్పుడు మనకు యాంటీబయాటిక్స్ ఉన్నాయి. కాని చెప్పులు గుడి బయట విడిచి, వట్టి పాదంతో గచ్చు మీద గంటసేపు కాలు కొట్టే షుగరు రోగికి స్పర్శ తగ్గి ఉంటే, బొబ్బ వచ్చిన సంగతి కూడా తెలియదు. మీరు నేల మీద కాలు కొట్టకండి, బూటు లోపల బొటనవేలు ఆడించినా చాలు, లేదా శరీరాన్ని ఊపండి. ఇంటికి వెళ్ళాక అరికాళ్ళు చూసుకోండి, వంగలేకపోతే ఇంట్లోవారిని చూడమనండి.

బేసల్ గాంగ్లియా అన్నాము కదా. పార్కిన్‌సన్స్ వ్యాధిలో దెబ్బతినేది ఆ భాగపు పనే. చేయి వణకడం ఒక్కటే కాదు, గడప దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం కూడా ఆ వ్యాధి లక్షణం. చాలా ఏళ్ళు సంఘంలో హార్మోనియం వాయించిన ఒక తాతగారు ఇలాగే ఆగిపోతూ, ఇక గుడికి రానని కూర్చున్నారు. ఆయనకు మేము నేర్పింది చిన్న పని. గడప ముందు ఆగి, తొడ మీద చేత్తో నాలుగు లెక్కలు వేసుకుని, మామ్మగారు కూనిరాగం అందుకోగానే ఒకటో లెక్క మీద అడుగు వేయడం. జబ్బు పోలేదు, మాత్రలు మానలేదు. గుడికి మాత్రం వస్తున్నారు.

ఇది మా సొంత కనిపెట్టు కాదు. లయ వింటూ నడిచే సాధన మూడు వారాలు చేస్తే పార్కిన్‌సన్స్ రోగుల నడక వేగం, అడుగు పొడవు పెరిగాయని 1996లోనే మైకేల్ థాట్ బృందం చూపించింది. జెనీవాలో 134 మంది వృద్ధులతో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి ఒకసారి పియానోకు తగ్గట్టు అడుగులు వేసినవారు ఆరు నెలల్లో తక్కువసార్లు పడ్డారు. పెద్దవారు పడితే తుంటి ఎముక విరగడం ఎంత కష్టమో మా వార్డులకు బాగా తెలుసు.

ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే ముందు డాక్టరు గారిని అడగండి. రోగి బాగా ఎరిగిన, ఆయన మామూలు నడక వేగానికి సరిపోయే కీర్తనను ఎంచుకోండి. గది మధ్యలో చాపలు, స్టూళ్ళు తీసేసి, రోగి బాగా వణికే పక్కన ఒక మనిషి నిలబడాలి, చేయి పట్టి లాగకూడదు. మొదటి రోజు పది అడుగులు చాలు.