పసుపు మంట ఎందుకొస్తుంది?

పిల్లలూ, సంగటి గిన్నె అడుగు నల్లగా మసి పట్టిందని అవ్వ కొత్త స్టవ్ కొనమంటోందా? తొందరపడకండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఏ ఊరి బజారుకెళ్లినా స్టవ్ రిపేరు కొట్లో బర్నర్లు, జెట్లు, నాబ్‌లు విడిగా దొరుకుతాయి. వాటిలో ఏది మనం మార్చుకోవచ్చో, ఏది మెకానిక్‌కి వదిలేయాలో తెలియాలంటే ముందు మంట సంగతి తెలియాలి.

సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. ఒక లీటరు ప్రొపేన్ వాయువు పూర్తిగా మండాలంటే సుమారు 24 లీటర్ల గాలి కావాలి. బ్యూటేన్‌కైతే 31 లీటర్లు. నాబ్ వెనకాల ఇత్తడి జెట్ ఉంటుంది, దానికి సన్నటి రంధ్రం. గ్యాస్ అందులోంచి జోరుగా దూకుతూ చుట్టూ ఉన్న గాలిని తనతోపాటు గొట్టంలోకి ఈడ్చుకుపోతుంది. తక్కిన గాలి మంట చుట్టూ అందుతుంది. 1855 ప్రాంతంలో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రాబర్ట్ బున్సెన్ ప్రయోగశాలలో తయారైన బర్నర్ పనిచేసేదీ ఇలాగే. గాలి చాలకపోతే కార్బన్ పూర్తిగా మండదు. సన్నటి మసి రేణువులుగా మిగిలి, ఆ వేడికి పసుప్పచ్చగా వెలుగుతుంది. గిన్నెకి అంటుకునేది అదే. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు, మనిషికి విషం. అందుకే పసుపు మంటను చూసీ చూడనట్టు వదిలేయకూడదంటాను.

రెగ్యులేటర్ ఆపి, పొయ్యి బాగా చల్లారాక బర్నర్ మూత తీసి తిరగేయండి. పొంగిన పాలు మాడి చిల్లుల చుట్టూ పెచ్చు కట్టి ఉంటుంది. రాగిపిండి ఒలికిన చోట చిల్లు పూర్తిగా పూడిపోయి ఉంటుంది. వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, తడి లేకుండా ఆరబెట్టాలి. గాలి వెళ్లే గొట్టం లోపలికి టార్చి వేసి చూడండి. కొన్నాళ్లు వాడని పొయ్యిలో సాలీడు గూడు కట్టి ఉండొచ్చు. ఆ కాస్త బూజే గాలిని అడ్డుకుంటుంది. మూత వంగిపోయినా, చిల్లులు తినేసి పెద్దవైనా కడిగి లాభం లేదు, కొత్తది వేయాలి. పాతదాన్ని చేతిలో పట్టుకెళ్లి, దానికి సరిపోయేదే తెచ్చుకోండి. పెద్ద బర్నర్ మూత చిన్నదానికి కూర్చోదు.

ఇక జెట్. దీని విషయంలో పాత అలవాటు ఒకటి మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892లో ప్రైమస్ పేరుతో కిరోసిన్ పంపు స్టవ్ తెచ్చాడు. ఆ రకం పొయ్యి మన ఇళ్లలోకీ వచ్చింది. కిరోసిన్ మసికి దాని రంధ్రం మాటిమాటికీ పూడేది, పిన్నుతో పొడిచేవాళ్లం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చాక పల్లెల్లో ఎన్నో వంటిళ్లకు గ్యాస్ చేరింది గానీ, చేతికి పిన్ను అలవాటు పోలేదు. గ్యాస్ జెట్ మెత్తటి ఇత్తడిది. ఉక్కు సూదితో పొడిస్తే రంధ్రం అరిగి పెద్దదవుతుంది. వ్యాసం పదోవంతు పెరిగితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. గ్యాస్ దాదాపు అంత ఎక్కువొస్తుంది, లోపలికి వచ్చే గాలి మాత్రం ఆ లెక్కన పెరగదు. మళ్లీ పసుపు మంటే! జెట్ పూడితే సబ్బునీళ్లలో వేసి ఊదండి, పోకపోతే మార్చేయండి. దాని ఖరీదు పొయ్యి ఖరీదులో ఏ మూలకీ రాదు. పాడి ఎక్కువున్న మన పల్లెల్లో గోబర్ గ్యాస్ పొయ్యిలూ ఉన్నాయి. వాటి జెట్ రంధ్రం పెద్దది, దాన్ని పొరపాటున కూడా సిలిండర్ పొయ్యికి వేయకండి.

నాబ్ బిగుసుకుపోయిందంటే లోపలి వాల్వ్‌లో గ్రీజు ఎండిందన్నమాట. అది మెకానిక్ పని. వంటనూనె పోసి తిప్పారో, ఆ నూనె వేడికి జిగురై ఇంకా పట్టేస్తుంది. రబ్బరు పైపు ఐఎస్ఐ గుర్తున్నదే వాడాలి, ఐదేళ్లకోసారి మార్చాలి. కొత్త సిలిండర్ బిగించగానే రెగ్యులేటర్ దగ్గర వాసనొస్తే చాలాసార్లు లోపలి వాషర్‌దే తప్పు. తెచ్చినతన్నే మార్చమనండి.

ఏది మార్చినా అతుకుల మీద సబ్బు నురగ పూసి చూడాలి. బుడగ ఉబ్బితే లీకే. అగ్గిపుల్లతో పరీక్షించడం మహా ప్రమాదం. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది. వాసన గట్టిగా ఉంటే స్విచ్చులేవీ ముట్టుకోకుండా, కిటికీలూ తలుపులూ తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

పొయ్యి తప్పు కానివీ కొన్ని ఉన్నాయి. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, మంట పెంచినా లాభం లేదు. డిసెంబరు చలికి, సిలిండర్ అయిపోవస్తున్నప్పుడు మంట చిన్నబోతుంది. తేలిగ్గా ఆవిరయ్యే ప్రొపేన్ ముందే ఎక్కువగా పోయి, బ్యూటేన్ పాలు మిగులుతుంది, అది చలిలో మందంగా ఆవిరవుతుంది. అప్పుడు జెట్ విప్పక్కర్లేదు, సిలిండర్‌ని వేడినీళ్లలో అసలే పెట్టకూడదు. అడుగున గ్యాస్ ఇంకా ఉంటే, ఎండ ఎక్కి వంటిల్లు వెచ్చబడ్డాక మంట దానంతటదే పుంజుకుంటుంది.